సుద్దమ్మ చెలమ

చిన్నేరు ఎండిపోయి అప్పటికి రెండు నెలలు. ఏరని చెప్పుకోవడానికి గట్లు రెండూ ఉన్నాయి గానీ, వాటి మధ్య ఉన్నదంతా ఇసుకే. పొద్దెక్కితే కాలు మోపలేనంతగా కాగిపోయే ఇసుక. ఆ ఇసుకలో, తుంగ దుబ్బుకు కాస్త ఇవతల, ఒక చెలమ ఉంది. దాన్ని తవ్వింది సుద్దమ్మ అనే గాడిద.

సుద్దమ్మ వయసులో ఉన్నప్పుడు సుద్దరాయి మోసింది. గని నుంచి బట్టీ దాకా రోజుకు నాలుగు తడవలు. ఆ పేరు అక్కడే వచ్చింది. ట్రాక్టర్లు వచ్చాక యజమాని దాని మెడలో తాడు విప్పి, వీపు మీద మెల్లగా చరిచి, "పో తల్లీ, ఇంక నీ బతుకు నువ్వు బతుకు" అన్నాడు. అప్పటికి సుద్దమ్మ కడుపుతో ఉంది.

ఆ ఏడాదే వానలు మొహం చాటేశాయి. కొండ కింద రాతి గుండంలో నిలిచిన నీళ్లే అడవి మొత్తానికి ఆధారం. సుద్దమ్మ ఆ గుండం ఒడ్డునే ఈనింది. బూడిద రంగు పిల్ల, నొసట తెల్లమచ్చ. నెల తిరక్కుండానే గుండంలో నీళ్లు తగ్గుతూ వచ్చి, ఒక పొద్దున తల్లీ పిల్లా వెళ్లేసరికి అడుగున బురద తప్ప ఏమీ మిగల్లేదు. సుద్దమ్మ పిల్లను వెంటబెట్టుకుని నీళ్ల కోసం మూడు రోజులు నడిచింది. నాలుగో రోజు పిల్ల నడవలేదు.

ఆ తర్వాత సుద్దమ్మ చాలా ఏళ్లు బతికింది, చాలా వానలు చూసింది. కానీ ఏ నీళ్లు కనిపించినా దాహం ఉన్నా లేకపోయినా తాగేది. కడుపు ఉబ్బి నొప్పి పుట్టేదాకా తాగేది. ఎవరైనా పక్కన చేరి తాగుతుంటే, వాళ్ల గొంతులో దిగే ఒక్కొక్క గుక్కా దానికి వినిపించేది.

ఈ వేసవిలో ఏరు ఎండినప్పుడు ఇసుకలో మూతి పెట్టి వాసన పట్టింది సుద్దమ్మే. ముందు కాళ్లతో మూడు రోజులు గీరగా గీరగా మోకాలి లోతున తడి తగిలింది. ఇంకా గీరితే చల్లటి నీళ్లు ఊరాయి.

అందరికంటే ముందు వచ్చినవాడు అడవిపంది బోడన్న. గుంట చూసి సంతోషం పట్టలేక, "సుద్దమ్మా, నేనూ ఒక మూతి వెయ్యనా?" అని అడిగి, జవాబు వినకుండానే దిగి ఇంకో జానెడు తవ్వాడు. తర్వాత కుందేళ్లు వచ్చాయి. జింకలు వచ్చాయి. కౌజుపిట్ట ఒకటి తొమ్మిది మంది పిల్లల్ని వెంటేసుకుని బిలబిలమంటూ వచ్చింది. పొద్దు వాలేసరికి గుంటలో నీళ్లు అడుగంటేవి. సుద్దమ్మ గుండె గుబగుబలాడేది. తెల్లారి చూస్తే మళ్లీ నిండుగా ఉండేవి. అమ్మయ్య అనుకునేది. మళ్లీ పొద్దు వాలేది, మళ్లీ అదే గుబులు.

ఇదంతా గట్టు మీద కంపచెట్టు నీడన కూర్చుని ఒకడు చూస్తున్నాడు. నక్క నంజప్ప. నంజప్పకు నీళ్లతో పెద్ద పని లేదు, వాడికి దాహం కంటే ఆకలి ఎక్కువ. నాలుగు రోజులు అట్లా చూశాక ఐదో రోజు మెల్లగా ఇసుకలోకి దిగి వచ్చాడు.

"సుద్దమ్మక్కా, బాగుండావా?"

"ఏదో ఉండానప్పా. నీళ్లు తాగిపో."

"తాగుతాలే. ముందు ఒక మాట. ఇవాళ ఈ గుంటలో ఎంతమంది మూతి పెట్టినారో తెలుసా నీకు?"

"ఎవరు చూసొచ్చినారు?"

"నేను చూసినా. మొన్నటి కంటే నిన్న ఎక్కువ మంది. నిన్నటి కంటే ఇవాళ ఎక్కువ మంది. ఏటి ఆ పక్క వాళ్లకు కూడా తెలిసిపోయినట్టుండాది."

సుద్దమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. "అయినా తెల్లారేసరికి ఊరుతుండాయి గదా!"

"ఊరుతుండాయి. నిజమే." నంజప్ప తోక సర్దుకుని పక్కనే కూర్చున్నాడు. "ఇవాళ ఊరినాయి. రేపు ఊరకపోతే?"

సుద్దమ్మ గుంట అంచుకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"ఆ కాలంలో కొండ కింద గుండం కూడా నిండుగానే ఉన్నింది, ఒకరోజు లేదు. అంతే గదక్కా? నేనెవర్ని నీకు చెప్పడానికి. పడినదానివి నువ్వు." గొంతు తగ్గించి మెల్లగా అన్నాడు. "తవ్వింది నువ్వు. కాళ్లు పగిలింది నీకు. తాగేది మాత్రం వాళ్లు. నీ మంచితనం చూసి అలుసైపోయింది వాళ్లకు."

ఆ మాట సుద్దమ్మకు ఎక్కడో తగిలింది. నీళ్ల వంక చూసి, "ఏం చేద్దామంటావు మరి?" అని అడిగింది.

ఆ ప్రశ్న కోసమే నంజప్ప నాలుగు రోజులు గట్టు మీద కూర్చున్నాడు.

"నువ్వు చెలమ దగ్గర ఉండు. నేను తుంగ దుబ్బు దగ్గర కాపలా కూర్చుంటా. ఎవరూ గుంపుగా రాకూడదు. ఒక్కొక్కరినే పంపిస్తా, తలా మూడు గుక్కలు. పిల్లలుంటే పిల్లలు వరసలో వెనక నిలబడాల."

"దానికి నీకేం కావాల?"

"నాకేం కావాలక్కా! నీలాంటి పెద్దదానికి తోడుండడమే నాకు పెద్ద పని."

మర్నాటి నుంచి అట్లాగే జరిగింది. మొదట మూడు గుక్కలు. నాలుగు రోజులకు ఒక్క గుక్క. ఆ తర్వాత దినం మార్చి దినం. ప్రతి సాయంత్రం నంజప్ప వచ్చి గుంటలోకి తొంగి చూసి, "తగ్గినట్టు లేదూ?" అనేవాడు. అంతకుమించి ఏమీ అనేవాడు కాదు. సుద్దమ్మకు తగ్గినట్టే కనిపించేది.

ఒకరోజు బోడన్న వచ్చాడు. నంజప్పను లెక్కచెయ్యకుండా తోసుకుని నేరుగా చెలమ దగ్గరికి వచ్చి లోపలికి చూశాడు.

"సుద్దమ్మా, గట్టు ఇసుకంతా లోపలికి జారుతుండాది. ఎవరూ దిగడంల్యా, తీసేవాళ్లు లేరు. గుంట పూడిపోతుంది. నేను దిగి రెండు మూతులు తవ్వి పోతా."

"దిగొద్దు."

"అరె, తాగడానికి కాదమ్మా..."

"దిగొద్దన్నానా! దిగినోడివి తాగకుండా వస్తావా?"

బోడన్న నవ్వి కాలు లోపల పెట్టబోయాడు. సుద్దమ్మ గిరుక్కున తిరిగి వెనక కాళ్లతో ఒక్క తన్ను తన్నింది. పంది దవడకు తగిలి రక్తం వచ్చింది. తిరగబడితే ముసలి గాడిద పొట్ట చీల్చెయ్యగల కోరలున్నాయి బోడన్నకు. కానీ వాడు మూతి తుడుచుకుని, "తవ్వేటప్పుడు నువ్వు ఇట్లా లేవు సుద్దమ్మా" అని వెళ్లిపోయాడు.

ఆ మాట తర్వాత సుద్దమ్మకు ఆ రోజంతా గడ్డి పరక నోట పెట్టాలనిపించలేదు. అసలు మేతకు వెళ్లడమే మానేసింది. గడ్డి ఉన్నది కొండ మలుపులో. పోయి వచ్చేలోగా ఎవరైనా తాగేస్తే? చుట్టుపక్కల దొరికిన ఎండు ఆకులూ తుంగ వేళ్లూ నమిలేది. డొక్కలు లోపలికి పోయాయి. నీళ్లు కూడా తాగేది కాదు, నాలుక తడిపి ఊరుకునేది. రేపటికి ఉండాలి కదా!

ఇసుక జారుతూనే ఉంది. గుంట చట్టి మాదిరి అయింది. కదిలించేవాళ్లు లేక నీళ్ల మీద పచ్చటి నాచు కట్టి నీచువాసన కొట్టడం మొదలైంది.

"చూసినావా?" అన్నాడు నంజప్ప. "మన కళ్లు గప్పి దొంగతనంగా తాగుతుండారు. ఇంక ఎవరినీ రానియ్యొద్దు. మరీ బతిమాలుకుంటే మటుకు నేను చూసుకుంటాలే, నువ్వు తలెత్తి చూడొద్దు. నీది మెత్తని మనసు."

సుద్దమ్మ తలెత్తి చూడలేదు. చూసే ఓపిక కూడా లేదు. వేడిగాలి తప్ప ఏట్లో ఏ చప్పుడూ లేదు. పొద్దున్నే కౌజుపిల్లలు చేసే గోల ఎప్పుడు ఆగిపోయిందో దానికి గుర్తు లేదు.

ఒక మధ్యాహ్నం నంజప్ప కడుపు నిండా తిని, గట్టు మీద నీడన గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. అప్పుడు అవతలి గట్టు దిగి ఒక ఆడజింక వచ్చింది. వెనకాల దాని పిల్ల. పిల్ల నాలుగడుగులు వేస్తుంది, నిలబడుతుంది, మళ్లీ నాలుగడుగులు వేస్తుంది. చెలమకు పదడుగుల దూరంలో జింక ఆగిపోయింది.

"పెద్దమ్మా, నాకొద్దు. దీనికి ఒక్క గుక్క ఇయ్యి. మూడు రోజులైంది."

"నీళ్లు లేవు" అంది సుద్దమ్మ. ఆ మాట ఇప్పుడు దాని నోట్లోంచి తనంతట తనే వచ్చేస్తుంది.

జింక గుంట వంక చూసింది. నాచు కింద నీళ్లు కనబడుతూనే ఉన్నాయి.  వెనక్కి తిరిగి, పిల్లను మూతితో నెట్టింది. పిల్ల కదల్లేదు. ముందు కాళ్లు రెండూ మోకాళ్ల దగ్గర మెల్లగా మడతపడ్డాయి. ఇసుక మీద కూలబడి, తెరిచిన నోరు మూయకుండా సుద్దమ్మ వైపే చూస్తూ ఉండిపోయింది.

కాళ్లు అట్లా మడతపడడం సుద్దమ్మ ఇంతకు ముందు ఒకసారి చూసింది. అప్పుడు దగ్గర నీళ్లు లేవు. ఇప్పుడున్నాయి.

లేచి పక్కకు జరిగింది. ఎందుకు జరుగుతున్నదో తనకే తెలియలేదు. "తీసుకురా తల్లీ. దాన్ని లేపి తీసుకురా."

పిల్ల తాగింది. నాచుతో సహా, బురదతో సహా, ఊపిరి తీసుకోకుండా తాగింది. ఒక్క గుక్క అన్నది ఎవరికీ గుర్తు లేదు. సుద్దమ్మ కళ్లముందే చట్టి ఖాళీ అయిపోయి, అడుగున తడి ఇసుక మిగిలింది.  సుద్దమ్మ ఆ ఖాళీ గుంట అంచునే చతికిలబడి, ఇంక అయిపోయింది అనుకుంది. ఇన్ని రోజులు దేనికి భయపడిందో అది జరిగిపోయింది. ఇంక భయపడడానికి కూడా ఏమీ మిగల్లేదు.

అట్లా చూస్తూనే ఉంది. అడుగున ఇసుక రంగు మారింది. ఒక మూల చిన్న బుడగ లేచి పగిలింది. దాని పక్కన ఇంకొకటి. ఇసుక రేణువులు కదిలాయి. వేలెడు నీళ్లు నిలిచాయి. నాచు లేదు, వాసన లేదు. అడుగున ఒక్కొక్క రాయీ కనబడేంత తేట నీళ్లు.

"పెద్దమ్మా, ఊరుతుండాయి!" అంది జింక.

 సుద్దమ్మ ముందు కాలు లోపల పెట్టి ఇసుకను గీరి పక్కకు నెట్టింది. నీళ్లు ఇంకాస్త పైకి వచ్చాయి. మళ్లీ గీరింది. మళ్లీ వచ్చాయి. "తాగు తల్లీ, నువ్వు కూడా తాగు" అంది జింకతో. అది తాగాక, తను మూతి పెట్టింది. ఎన్ని రోజుల తర్వాతో చల్లటి నీళ్లు గొంతులో దిగాయి. నాలుగు గుక్కలకే దాహం తీరిపోవడం దానికి వింతగా తోచింది.

జింక పిల్ల ఒళ్లు నాకుతూ అంది. "తుంగ దుబ్బు పక్క నుంచి రావడానికి భయమేసి, చుట్టూ తిరిగి వచ్చినా పెద్దమ్మా. కౌజుపిల్లలు నాలుగు అక్కడే పోయినాయి గదా."

"పోవడమేంది?"

జింక విస్తుపోయి చూసింది. "నీకు తెలీదా? వరసలో వెనక నిలబెట్టిన పిల్ల వెనకనే పోయింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నీకు తెలిసే జరుగుతుండాదని అందరూ అనుకుంటుండారు."

సుద్దమ్మ తుంగ దుబ్బు దగ్గరికి నడిచింది. చెలమకు ఇరవై అడుగులు కూడా లేదు ఆ చోటు. దుబ్బు మొదట్లో చిన్న చిన్న ఈకలు, గాలికి ఎగరకుండా తుంగలో చిక్కుకుని ఉన్నాయి. నీళ్లలో ఒక చుక్క తగ్గితే తెలుసుకునే కళ్లు, పక్కన ఇంత జరిగితే చూడలేదు. 

నంజప్ప నిద్ర లేచి, ఒళ్లు విరుచుకుని తన బొరియకు వెళ్లిపోగానే, సుద్దమ్మ బోడన్నను వెతుక్కుంటూ పోయింది. ఎదురుగా నిలబడి తల వంచింది.

"బోడన్నా, నువ్వు కూడా ఒక దెబ్బ కొట్టు. తర్వాత మాట్లాడుకుందాం."

బోడన్న దాని డొక్కల వంక చూశాడు. "కొట్టేదానికి నీలో ఏముంది గనక? పని చెప్పు."

పొద్దు గుంకేలోగా ఇద్దరూ కలిసి చెలమను నిటారుగా, లోతుగా తవ్వారు. సుద్దమ్మ గీరేది, బోడన్న మూతితో ఎత్తి పోసేవాడు. లోపలికి దిగితే నంజప్ప తల కూడా బయటికి కనబడనంత లోతు. బోడన్న మాత్రం ఒక పక్క తన ఒళ్లు ఆన్చి, ఇసుక నొక్కుకుంటూ పైకి వచ్చాడు.

తెల్లవారి ఎండ పడగానే ఇద్దరూ ఊరిన నీళ్లను తాగగలిగినంత తాగారు. జింకలను పిలిచి మిగతావి తాగించారు. అడుగున గుక్కెడు మిగలగానే అందరూ తుంగ చాటుకు పోయారు. సుద్దమ్మ ఒక్కతే గుంట అంచున మెడ వాల్చి పడుకుంది.

నంజప్ప వచ్చాడు. "ఏందక్కా ఇది? ఇంత లోతు ఎవరు తవ్వినారు?"

"నేనేనప్పా. నీళ్లు కిందికి పోతుంటే వెంటపడి తవ్వినా. అయిపోయినాయి. నువ్వు చెప్పిందే నిజమైంది." సుద్దమ్మ కళ్లు మూసుకుంది. "అడుగున ఒక్క గుక్క ఉండాది. ఏరంతటికీ అదే ఆఖరు. నాకు దిగే ఓపిక లేదు. బోడన్న వస్తానని పోయినాడు. ఇప్పుడో ఇంకాసేపటికో వస్తాడు."

నంజప్ప లోపలికి తొంగి చూశాడు. నిజంగానే గుక్కెడు నీళ్లు మెరుస్తున్నాయి. ఆఖరి గుక్క. వాడికి పొద్దున పెద్దగా దాహం లేదు. కానీ నీళ్లు అయిపోతాయని రోజూ అందరికీ చెప్పి చెప్పి ఆ మాట వాడి చెవుల్లో కూడా ఉండిపోయింది. పందికి పోతుందన్న తలంపు రాగానే నోరు పిడచకట్టుకుపోయింది. వెనకా ముందూ చూడకుండా దూకేశాడు.

గుటుక్కున తాగి, పైకి ఎగిరాడు. అంచు అందలేదు. గోళ్లు గుచ్చి పాకితే ఇసుక జారి మొహాన పడింది. మళ్లీ ఎగిరాడు. కాళ్లకింద తడి తగిలింది. తర్వాత మోకాళ్లకు తగిలింది.

"అక్కా, నీళ్లొస్తుండాయి."

"నీళ్లు యాడియప్పా? లేవు గదా" అంది సుద్దమ్మ పైనుంచి.

"పొట్టకు తగులుతుండాయి! అక్కా, అబద్ధం కాదు, పెరుగుతుండాయి!"

"ఇవాళ పెరుగుతాయి. రేపు ఊరకపోతే?"

ఈలోగా తుంగ చాటు నుంచి అందరూ వచ్చి గుంట చుట్టూ నిలబడ్డారు. నీళ్లు మెడ దాకా వచ్చి, కాళ్లకింద ఇసుక మెత్తబడి కూరుకుపోతుంటే నంజప్ప మూతి పైకెత్తి గావుకేకలు పెట్టాడు. "చచ్చిపోతా! ఇన్ని నీళ్లు నాకొద్దు! ఎవరన్నా తాగండి! అందరూ తాగండి!"

కుందేళ్లు పడీ పడీ నవ్వాయి. కౌజుపిట్ట నవ్వలేదు. మిగిలిన ఐదుగురు పిల్లల్నీ రెక్కల కింద పెట్టుకుని అంచుకు వచ్చి లోపలికి చూసింది. అందరి నవ్వూ ఆగిపోయింది.

"నువ్వు చెప్పు తల్లీ" అంది సుద్దమ్మ. "వీణ్ణి కూర్చోబెట్టింది నేను. నీ పిల్లల విషయంలో సగం పాపం నాది. నువ్వెట్లా అంటే అట్లా."

 కౌజుపిట్ట పిల్లల్ని ఇంకాస్త దగ్గరికి లాక్కుని, "వీడు ఇందులో చస్తే రేపు నా పిల్లలు తాగే నీళ్లు కంపు కొడతాయి. తీసి పారెయ్యండి" అంది.

బోడన్న ఒక పక్క గట్టును కోరలతో విరగ్గొట్టాడు. నంజప్ప పాక్కుంటూ బయటపడ్డాడు. పడీ పడకముందే బోడన్న వెనకనుంచి ఒక్క కుమ్ము కుమ్మాడు. తడిసిన తోక ఈడ్చుకుంటూ, కాలే ఇసుక మీద ఎగిరెగిరి అడుగులేస్తూ గట్టెక్కి పోయినవాడు మళ్లీ ఆ ఏటి వైపు రాలేదు.

ఆ పూట అందరూ కడుపు నిండా తాగారు. ఎవరు తాగినా పోయేముందు కాస్త ఇసుక తీసి పోవాలని బోడన్న పెట్టిన కట్టుబాటు తప్ప, చెలమకు వేరే కాపలా లేకపోయింది. కౌజుపిట్ట మాత్రం సుద్దమ్మకు ఎదురు పక్కనే, దూరంగా నిలబడి తాగేది. సుద్దమ్మ దాన్ని పలకరించబోయి చాలాసార్లు ఊరుకుంది. కొన్నింటికి మాట సరిపోదని దానికి తెలుసు.

భయం కూడా ఒక్కరోజులో పోలేదు. గుంపుగా వచ్చి తాగుతుంటే సుద్దమ్మ చెవులు ఇంకా నిక్కబొడుచుకునేవి. అప్పుడు లేచి ఇసుక గీరేది. గీరుతుంటే కాళ్లకు చల్లగా తగిలేది, గుబులు మెల్లగా దిగేది.

పది రోజుల తర్వాత జింక వచ్చి, కొండ అవతలి లోయలో పచ్చగడ్డి ఉందని, పోయి రావడానికి రెండు రోజులు పడుతుందని చెప్పింది. "వస్తావా పెద్దమ్మా?"

సుద్దమ్మ చెలమ వంక చూసింది. కుందేలు ఒకటి వంగి తాగుతోంది. ఇంకా ఇద్దరు కాచుకుని ఉన్నారు.

"పోదాం పద" అంది. గట్టెక్కాక, పచ్చగడ్డి ఎంత మెత్తగా ఉంటుందో జింకపిల్లకు చెబుతూ, ఆ మాటల్లో పడి నడుస్తూ పోయింది.

చాలదేమోనన్న భయాన్ని కాపలా పెట్టుకుంటే, నిండిన చెలమ పక్కన కూడా దాహం తీరదు.